ఆపేది బ్రేకా, రోడ్డా?

గంటకు 36 కిలోమీటర్ల వేగంతో ఫ్లైఓవరు దిగుతున్న సైకిలుకు గేదె అడ్డం వచ్చింది. తొక్కే మనిషి రెండు సెకన్లలో ఆగాడు. ఆ రెండు సెకన్లలోనూ అతని బ్రేకులు సగటున 2,000 వాట్లకు పైగా శక్తిని మింగాయి. రెండు ఇస్త్రీపెట్టెలు కలిసి పుట్టించేంత వేడి అది. సైకిలు తొక్కేటప్పుడు మామూలు మనిషి కాళ్లు నికరంగా ఇచ్చేది 100 వాట్ల దరిదాపుల్లోనే ఉంటుందని గుర్తుంచుకుంటే, బ్రేకుల్లోని ఆ చిన్న రబ్బరు ముక్కలు ఎంత పని చేస్తున్నాయో తెలుస్తుంది.

లెక్క సులువే. మనిషి బరువు 65 కిలోలు, సైకిలు బరువు 20 కిలోలు అనుకుందాం. మొత్తం 85. బడిలో చదువుకున్న గతిశక్తి సూత్రం ప్రకారం ద్రవ్యరాశిలో సగాన్ని వేగపు వర్గంతో హెచ్చవేయాలి. గంటకు 36 కిలోమీటర్లంటే సెకనుకు 10 మీటర్లు. గతిశక్తి 4,250 జౌళ్లు. వేగం సగానికి, అంటే గంటకు 18 కిలోమీటర్లకు తగ్గితే శక్తి సగం కాదు, పావు వంతే అవుతుంది: సుమారు 1,060 జౌళ్లు. రెట్టింపు వేగంతో వచ్చేవాడు నాలుగింతల శక్తిని వదిలించుకోవాలి. ఆగేందుకు అతనికి నాలుగింతల దూరం పట్టడానికి కారణం ఇదే.

ఈ శక్తిని మాయం చేసే యంత్రం లేదు. ఒకదాన్ని మరొకదానికేసి రుద్ది వేడిగా మార్చి, ఆ వేడిని గాలికి వదిలేయడమే సైకిలు బ్రేకు చేసే పని. నూటయాభై ఏళ్ల పైబడిన బ్రేకుల చరిత్రంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది: ఎక్కడ రుద్దాలి? టైరు మీదా, రిమ్ము మీదా, హబ్బు లోపలా, లేక రుద్దడానికే ప్రత్యేకంగా బిగించిన డిస్కు మీదా? జవాబు మారినప్పుడల్లా వానలో, ఎండలో, బురదలో, ఘాట్ రోడ్డు మీద, మెకానిక్ చేతిలో ఆ బ్రేకు నడవడి మారిపోయింది.

బ్రేకు ఎంత బలమైనదైనా ఒక హద్దుంది

బ్రేకు పడితే సైకిలు ఆగిందంటాం. బ్రేకు పట్టుకునేది చక్రాన్ని మాత్రమే. సైకిలును ఆపేది రోడ్డు. చక్రం తిరగడం మందగించినప్పుడు టైరు నేలను ముందుకు నెడుతుంది, నేల టైరును అంతే బలంతో వెనక్కి నెడుతుంది. ఈ రెండో నెట్టుడే మనల్ని ఆపేది. రోడ్డు మీద ఆయిలు ఒలికి ఉంటే, లక్ష రూపాయల సైకిలు బ్రేకయినా చక్రాన్ని ఆపుతుంది గాని మనిషిని ఆపలేదు.

చిన్న పరీక్ష చేసి చూడండి. సైకిలు ఎక్కకుండా పక్కన నిలబడి, హ్యాండిల్ పట్టుకుని నడిపించండి. నడుస్తూ వెనక బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టండి. వెనక చక్రం తిరగడం మానేసి, నేలను గీసుకుంటూ మీ వెంటే వస్తుంది. ఇప్పుడు ముందు బ్రేకు ఒక్కటే పట్టండి. సైకిలు ఉన్నచోటే ఆగిపోయి, వెనక చక్రం గాల్లోకి లేస్తుంది.

సైకిలు, మనిషి కలిసిన జంటకు గరిమనాభి నేల నుంచి సుమారు 1.1 మీటర్ల ఎత్తులో ఉంటుంది. బ్రేకు పడినప్పుడు రోడ్డు వెనక్కి నెట్టేది కింద, టైరు దగ్గర. జడత్వం వల్ల ఇంకా ముందుకు పోదామని చూసే బరువు ఉన్నది పైన. దాంతో భారం వెనక చక్రం మీంచి ముందు చక్రం మీదికి మారుతుంది. వెనక చక్రం తేలికవుతుంది, తేలికైన కొద్దీ దాని పట్టు తగ్గుతుంది. అందుకే వెనక బ్రేకు ఒక్కదాన్నే నమ్ముకుంటే పొడి తారురోడ్డు మీద కూడా గురుత్వ త్వరణంలో పావు వంతుకు మించి వేగాన్ని తగ్గించలేం. ముందు బ్రేకుతో 0.5 నుంచి 0.6 వంతు దాకా వెళ్లొచ్చు. అది కూడా దాటితే వెనక చక్రం లేచి మనిషి హ్యాండిల్ మీదుగా అవతల పడతాడు. ఈ హద్దును నిర్ణయించేది మనిషి కూర్చున్న ఎత్తు, రెండు చక్రాల మధ్య దూరం. బ్రేకు కంపెనీ కాదు.

అంకెల్లో చూస్తే తేడా బాగా తెలుస్తుంది. గంటకు 36 కిలోమీటర్ల వేగంలో ముందు బ్రేకును పూర్తిగా వాడుకోగలిగినవాడు, బ్రేకు అందుకున్న క్షణం నుంచి సుమారు 9 మీటర్లలో ఆగుతాడు. వెనక బ్రేకు మాత్రమే పట్టేవాడికి 20 మీటర్లు కావాలి. ముందు బ్రేకు పడితే బొక్కబోర్లా పడతామన్న భయంతో దాన్ని అసలు ముట్టనివాళ్లు చాలామంది. ఆ భయంలో కొంత నిజం ఉంది: ఇసుక మీద, తడి మీద, మలుపు తిరుగుతున్నప్పుడు ముందు చక్రం జారితే తేరుకోవడం కష్టం. తిన్నగా పోతున్న పొడి రోడ్డు మీద మాత్రం, చేతులు బిగబట్టి, ఒళ్లు కాస్త వెనక్కి జరిపి, లీవరును క్రమంగా నొక్కడం నేర్చుకున్నవాడికి ముందు బ్రేకే అసలు బ్రేకు. మన దేశంలో మామూలుగా అది కుడిచేతి లీవరు. అమెరికాలో ఎడమచేతిది. అక్కడి సైకిలు అరువు తీసుకుంటే ముందు ఈ సంగతి చూసుకోవాలి.

దీన్నిబట్టి ఒక మాట తేలింది. వెనక చక్రాన్ని లేపగలిగిన ఏ బ్రేకయినా పొడి రోడ్డుకు చాలినంత బలమైనదే. అంతకు మించిన బలానికి అక్కడ పనే లేదు. కాబట్టి బ్రేకుల్ని పోల్చేటప్పుడు ఏది గట్టిదని అడగడం కన్నా, తడిస్తే ఏమవుతుంది, వేడెక్కితే ఏమవుతుంది, వేళ్ల మాట ఎంతవరకు వింటుంది, చెడితే ఎవరు బాగుచేస్తారు అని అడగడం మేలు.

టైరు మీద రుద్దితే

1860లలో పారిస్‌లో పియర్ మిషో పేరుతో వచ్చిన పెడళ్ల సైకిళ్లకు కొయ్య చక్రాలు, వాటి చుట్టూ ఇనప పట్టాలు. హ్యాండిల్‌ను గుండ్రంగా తిప్పితే ఒక తాడు బిగుసుకుని, గరిటె ఆకారపు ఇనప ముక్కను వెనక చక్రం పట్టాకు నొక్కేది. తరవాత 1870లలో వచ్చిన ఎత్తు చక్రం సైకిళ్లకు ఇదే గరిటె ముందు చక్రపు గట్టి రబ్బరు టైరు మీదికి ఎక్కింది. ఆ సైకిలు మీద మనిషి దాదాపు ముందు ఇరుసుకు సరిగ్గా పైన కూర్చుంటాడు. బ్రేకు గట్టిగా పడితే అతను తలకిందులుగా పడకుండా కాపాడేది ఏదీ లేదు. పైన చెప్పుకున్న 0.5 హద్దు ఆ సైకిలుకు మరీ తక్కువ. 1885లో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సైకిలు దాదాపు సమానమైన రెండు చక్రాల మధ్య మనిషిని కిందికి దించినప్పుడే గట్టి బ్రేకుకు అర్థం వచ్చింది.

1888లో డన్‌లప్ గాలి టైరు రావడంతో గరిటె బ్రేకుకు రోజులు చెల్లాయి. పలచటి రబ్బరును ఇనప ముక్కతో రుద్దితే టైరు అరుగుతుంది. పైగా టైరు రోడ్డును తాకే భాగం. ఏ తడి, ఏ బురద ఉన్నా ముందు అంటుకునేది దానికే. అయినా ఈ పద్ధతి పూర్తిగా పోలేదు. బ్రేకుల్లేని సైకిలు మీద పిల్లలు కాలి చెప్పును టైరుకు ఆనించి ఆపుతారు చూశారా, అది గరిటె బ్రేకే. చెప్పు త్వరగా అరిగిపోవడానికి కారణం కూడా అదే.

రిమ్ము మీదికి: కడ్డీల బ్రేకు

మన ఊళ్లలో తరాల తరబడి పాల క్యాన్లు, గడ్డిమోపులు, బియ్యం బస్తాలు మోసిన నల్ల సైకిలుకు ఉండేది కడ్డీల బ్రేకు. హెర్క్యులిస్, అట్లాస్, హీరో, ఏ పేరైనా అమరిక ఒకటే. హ్యాండిల్ కిందుగా సాగే లీవరును పైకి లాగితే, ఒక నిలువు కడ్డీ పైకి లేస్తుంది. దాని చివర గుర్రపు రికాబు ఆకారంలో ఒక ఇనప చట్రం ఉంటుంది. ఆ చట్రానికి రెండు వైపులా రెండు రబ్బర్లు. చట్రం పైకి లేవగానే రబ్బర్లు రిమ్ము లోపలి ముఖాన్ని, అంటే స్పోకుల వైపు ఉండే అంచుల్ని, కింది నుంచి పైకి నొక్కుతాయి. వెనక చక్రానికి పోవాలంటే బలం ఇంకా చాలా మలుపులు తిరగాలి: ఫ్రేము వెంబడి కిందికి దిగే కడ్డీ, పెడల్ ఇరుసు దగ్గర దిశ మార్చే మీట, అక్కణ్ణుంచి వెనక్కి మరో కడ్డీ, దాని చివర మరో చట్రం.

ఇందులో ఒక తెలివి ఉంది. రబ్బరు నొక్కేది ఇరుసుకు దూరంగా, బయటివైపు కాబట్టి, రిమ్ము పక్కలకు కాస్త వంకరపోయినా బ్రేకుకు లెక్క లేదు. బెండు తీయకుండా నెలలు గడిపినా పనిచేస్తూనే ఉంటుంది. కడ్డీ తెగదు. వదులైతే పానా ఒకటి చాలు. దీనికి చెల్లించాల్సిన మూల్యం బరువు, కీళ్ల దగ్గర అరుగుదల. ప్రతి కీలు దగ్గరా సందు కొంచెం కొంచెంగా పెరుగుతుంది. లీవరు కదిలిన దూరంలో చాలా భాగం ఈ సందులు పూడ్చడానికే పోతుంది. టైరు మార్చాలన్నా చట్రాన్ని తప్పించుకుని చక్రం ఊడదీయడం ఒక పని.

వైరు వచ్చాక

కడ్డీల చిక్కును విడదీసింది 1896లో ఎర్నెస్ట్ మొనింగ్టన్ బౌడెన్ పేటెంటు తీసుకున్న వైరు. వంగే గొట్టం లోపల ఉక్కు తీగ. తీగను లాగితే గొట్టం వ్యతిరేక దిశలో నొక్కుడుపడుతుంది. గొట్టం ఎన్ని వంకర్లు తిరిగినా రెండు కొసల మధ్య లాగుడు అలాగే చేరుతుంది. హ్యాండిల్ తిరిగినా, ఫ్రేము ఏ ఆకారంలో ఉన్నా బ్రేకు ఎక్కడ కావాలంటే అక్కడ బిగించుకోవచ్చు. సైకిలుకే కాదు, తరవాత మోటారు సైకిలు క్లచ్చుకీ యాక్సిలరేటరుకీ కూడా అదే వైరు.

వైరుతో రబ్బర్లు రిమ్ము పక్క గోడలకు మారాయి. రెండు వైపుల నుంచి పటకారులా పట్టే బ్రేకు ఇది. రేసు సైకిళ్లకు ఒకే మేకు చుట్టూ తిరిగే రెండు చేతుల బ్రేకు చాలాకాలం నడిచింది. తరవాత రెండు మేకుల బ్రేకు దాని స్థానంలోకి వచ్చి, అంతే వేలి ఒత్తిడికి ఎక్కువ పట్టునిచ్చింది. లావు టైర్ల సైకిళ్లకు ఫోర్కుకే నేరుగా బిగించే చేతులు వచ్చాయి. 1996లో షిమానో కంపెనీ ఆ చేతుల్ని నిటారుగా పొడవు చేసి, వైరును ఒక చేతి కొస నుంచి మరో చేతి కొసకు అడ్డంగా లాగి, దానికి వి బ్రేకు అని పేరు పెట్టింది. ఇవాళ మన పిల్లలు నడిపే సైకిళ్లలో ఎక్కువ వాటికి ఉండేది ఇదే.

ఈ బ్రేకులన్నిటి వెనకా ఉన్నది మీట సూత్రమే. బలం పెంచుకోవాలంటే దూరాన్ని వదులుకోవాలి. లీవరు కొస దగ్గర వేళ్లు కొన్ని సెంటీమీటర్లు కదిలితే రబ్బరు కదిలేది కొన్ని మిల్లీమీటర్లే. ఎంత ఎక్కువ బలం కావాలనుకుంటే రబ్బర్లను రిమ్ముకు అంత దగ్గరగా పెట్టుకోవాలి. దగ్గరగా పెడితే రిమ్ము కాస్త బెండయినా రాసుకుంటుంది. అందుకే వైరు బ్రేకుల సైకిలుకు బెండు తీయించడం అన్నది బ్రేకు మరమ్మతులో భాగమే. వి బ్రేకుకు పొడవు చేతులున్నాయి కాబట్టి వైరును ఎక్కువ దూరం లాగే లీవరు కావాలి. పాత లీవరుకు కొత్త వి బ్రేకు తగిలిస్తే, రబ్బరు రిమ్మును గట్టిగా పట్టేలోపే లీవరు హ్యాండిల్‌కు తగిలిపోయే ప్రమాదముంది. షాపులో విడిభాగాలు మార్పించేటప్పుడు తరచు జరిగే పొరపాటు ఇది.

రిమ్ము తడిస్తే

రిమ్ము బ్రేకు బలహీనత వానాకాలంలో బయటపడుతుంది. రిమ్ము నేలకు ఒక బెత్తెడు ఎత్తులోనే తిరుగుతుంది. నీటి గుంటలోంచి పోయినప్పుడల్లా తడుస్తుంది. రబ్బరుకూ లోహానికీ మధ్య పలచటి నీటి పొర ఏర్పడితే ఘర్షణ గుణకం పడిపోతుంది. ఎంత పడిపోతుందన్నది రిమ్ము లోహాన్ని బట్టి ఉంటుంది. నున్నగా క్రోమియం పూత వేసిన ఉక్కు రిమ్ము మీద మామూలు రబ్బరుతో, తడిసినప్పటి పట్టు పొడిగా ఉన్నప్పటి దానిలో పదోవంతుకు పడిపోతుందని అమెరికాలోని ఎం.ఐ.టి.లో ప్రొఫెసర్ డేవిడ్ గోర్డన్ విల్సన్ బృందం చేసిన ప్రయోగాల్లో తేలింది. పదో వంతంటే, పొడి రోడ్డు మీద మూడు మీటర్లలో ఆగేవాడు ముప్పై మీటర్లు పోతాడన్నమాట. మన నల్ల సైకిలుది ఈ రకం రిమ్మే. జూన్ నెల మొదటి వానలో బ్రేకు ఎంత పట్టినా సైకిలు ఆగదేమని కంగారుపడినవాళ్లకు కారణం ఇక్కడుంది.

అల్యూమినియం రిమ్ము తడిలో చాలా మెరుగు. అయినా లీవరు నొక్కగానే పట్టు దొరకదు. రబ్బర్లు నీటిని తుడిచేదాకా చక్రం కొన్ని చుట్లు తిరగాలి, ఆ తరవాత పట్టు ఒక్కసారిగా వస్తుంది. వానలో తొక్కడం అలవాటైనవాళ్లు ఆగాల్సిన చోటుకు చాలా ముందే లీవరును మెల్లగా తాకించి రిమ్మును తుడుచుకుంటారు. ఇంకో తంటా ఇసుక. తడితోపాటు వచ్చే ఇసుక రేణువులు రబ్బరులో ఇరుక్కుని సానరాయిలా అల్యూమినియాన్ని గీకుతాయి. రబ్బరు ముఖాన్ని అప్పుడప్పుడు చూస్తే మెరిసే లోహపు రజను కనబడుతుంది. దాన్ని సూదితో తీసెయ్యకపోతే అరిగేది రబ్బరు కాదు, రిమ్ము. గోడ పలచబడిపోయిన రిమ్ము ఏదో ఒకరోజు టైరు గాలి ఒత్తిడికే విచ్చిపోతుంది.

హబ్బు లోపల దాచిన బ్రేకు

నీరూ ఇసుకా తగలకుండా ఉండాలంటే రుద్దే చోటును మూసిన డబ్బాలో పెట్టాలి. సైకిలు చక్రంలో అలాంటి చోటు ఇరుసు చుట్టూ ఉండే హబ్బు.

పెడల్‌ను వెనక్కి తొక్కితే పట్టే బ్రేకు ఈ జాతిదే. అమెరికాలో న్యూ డిపార్చర్ కంపెనీ 1898లో, జర్మనీలో ఎర్న్‌స్ట్ జాక్స్ 1903లో టార్పెడో పేరుతో దీన్ని జనంలోకి తెచ్చారు. హబ్బు లోపల, చైనుతోపాటు తిరిగే మర మీద ఒక శంకువు ఉంటుంది. ముందుకు తొక్కితే అది ఒక పక్కకు జరిగి హబ్బును పట్టుకుని తిప్పుతుంది. తొక్కడం ఆపితే వదిలేస్తుంది. వెనక్కి తొక్కితే రెండో పక్కకు జరిగి, బ్రేకు పట్టీలను విప్పార్చి హబ్బు లోపలి గోడకు నొక్కుతుంది. లీవరు లేదు, వైరు లేదు, చెయ్యి అందని చిన్నపిల్లలకు కూడా కాలి బలం సరిపోతుంది. నెదర్లాండ్స్‌లో ఊరి సైకిళ్లకు ఇప్పటికీ ఇది మామూలు బ్రేకు. అక్కడ నేల చదును, ఏడాది పొడుగునా తడి, సైకిలు రాత్రంతా ఆరుబయటే ఉంటుంది. ఆ మూడింటికీ సరిపోయిన యంత్రమిది.

దీని లోపాలూ అంతే స్పష్టం. ఇది వెనక చక్రానికే పనిచేస్తుంది, కాబట్టి పావు వంతు హద్దు దాటదు. చైను ఊడితే బ్రేకూ పోయినట్టే. పెడళ్లు నిట్టనిలువుగా ఉన్న క్షణంలో వెనక్కి తొక్కడానికి కాలికి బలం చిక్కదు. వీటన్నిటికన్నా పెద్ద లోపం వేడి. మూసిన డబ్బాలో నీరు చొరబడదు, వేడి బయటికీ పోదు.

కాలిఫోర్నియాలో ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర కొండదారిలో 1976 అక్టోబరులో చార్లీ కెల్లీ, అతని స్నేహితులు పాత కాలపు లావు టైర్ల సైకిళ్లతో దిగుడు పందెం మొదలుపెట్టారు. మూడు కిలోమీటర్ల పైచిలుకు మట్టిదారిలో సుమారు 400 మీటర్లు కిందికి దిగాలి. సైకిళ్లకు ఉన్నవి పెడల్ బ్రేకులే. 85 కిలోల బరువు 400 మీటర్లు దిగితే విడుదలయ్యే స్థితిశక్తి 3,33,000 జౌళ్లు. అందులో పెద్ద వాటా గుప్పెడంత హబ్బులోకి పోయేది. లోపలి గ్రీజు కాలి పొగలు కక్కుతూ ఆవిరైపోయేది. కిందికి చేరగానే హబ్బు విప్పి, గ్రీజు మళ్లీ కూరితే గాని మరో పరుగు లేదు. గ్రీజును మళ్లీ కూరడాన్ని ఇంగ్లీషులో రీప్యాక్ అంటారు. ఆ పందేనికీ, ఆ దారికీ అదే పేరు నిలిచిపోయింది. ఆ బాధ పడలేక వాళ్లు మోటారు సైకిలు లీవర్లు, డ్రమ్ము బ్రేకులు, రిమ్ము బ్రేకులు తెచ్చి తగిలించుకున్నారు. ఇవాళ్టి మౌంటెన్ బైకు పుట్టుకలో ఈ పొగల హబ్బుకూ వాటా ఉంది.

డ్రమ్ము బ్రేకు స్కూటరు ఉన్న ఇంట్లో అందరికీ తెలిసిందే. నాటింగ్‌హామ్‌లోని స్టర్మీ ఆర్చర్ కంపెనీ 1930లలోనే సైకిలుకు దాన్ని చేసింది. హబ్బు లోపల రెండు నెలవంకల్లాంటి పట్టీలు విప్పారి డ్రమ్ము గోడను ఒత్తుతాయి. వానలో, ఎండలో ఒకేలా పడుతుంది. ఏళ్ల తరబడి విప్పి చూడక్కర్లేదు. బరువు మాత్రం ఎక్కువ, పొడవైన దిగుడులో వేడికి పట్టు సడలుతుంది.

డిస్కు: చిన్న పళ్లెం, పెద్ద నొక్కుడు

పళ్లేన్ని రెండు పక్కల నుంచి ప్యాడ్లు పట్టే డిస్కు బ్రేకులో రుద్దే చోటు నేలకు దూరంగా ఉంటుంది, గాలి ధారాళంగా తగులుతుంది, అరిగితే పళ్లెం మార్చుకోవచ్చు, రిమ్ముకు ఏమీ కాదు. రిమ్ము బెండయినా, చివరికి ఒకటి రెండు స్పోకులు తెగినా బ్రేకు పనిచేస్తూనే ఉంటుంది. పళ్లేనికి ఉండే రంధ్రాలు నీటిని, మురికిని తుడవడానికి తోడ్పడతాయి.

దీనికి ఇచ్చుకోవలసిన మూల్యం వ్యాసార్ధంలో ఉంది. చక్రాన్ని ఆపేది బల భ్రామకం, అంటే బలాన్ని ఇరుసు నుంచి దూరంతో హెచ్చవేస్తే వచ్చేది. రిమ్ము బ్రేకు రబ్బరు ఇరుసుకు సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో పడుతుంది. 160 మిల్లీమీటర్ల డిస్కు మీద ప్యాడ్లు పట్టేది 7 సెంటీమీటర్ల దూరంలో. అదే పని చేయడానికి డిస్కుకు నాలుగు రెట్లకు మించిన ఘర్షణ బలం కావాలి. ఒక విధంగా రిమ్ము కూడా డిస్కే, సైకిలులో పట్టగలిగినంత పెద్దది. మన 85 కిలోల జంటను హద్దు దాకా ఆపాలంటే డిస్కు ప్యాడ్లు ఒక్కొక్కటి పళ్లేన్ని 290 కిలోల బరువుకు సమానమైన బలంతో నొక్కాలని లెక్క తేలుతుంది. రెండు వేళ్లకు అంత బలం ఎక్కడిది?

అక్కడికి పాస్కల్ నియమం వచ్చింది. హైడ్రాలిక్ బ్రేకులో వైరుకు బదులు సన్నటి గొట్టం నిండా నూనె. లీవరు దగ్గరి చిన్న ముషలకం నూనెను నొక్కితే, అవతలి పెద్ద ముషలకాల మీద అదే పీడనం పనిచేసి ఎక్కువ బలం పుడుతుంది. నూనె నొక్కుకుపోదు, మలుపుల దగ్గర వైరులా రాసుకోదు. అందుకే వేలు ఎంత నొక్కితే అంతే పట్టు. లోపల ఒక చిన్న చమత్కారం ఉంది. ముషలకం చుట్టూ చదరపు కోత ఉన్న రబ్బరు వలయం ఒకటి ఉంటుంది. ముషలకం ముందుకు జరిగినప్పుడు ఆ వలయం దానితోపాటు కాస్త మెలిపడుతుంది. లీవరు వదలగానే తిరిగి తన ఆకారానికి వస్తూ ముషలకాన్ని మిల్లీమీటరులో చిన్న భాగమంత వెనక్కి లాగుతుంది. ప్యాడ్లు అరిగితే ముషలకం వలయంలోంచి జారి కొత్త చోట నిలుస్తుంది. ప్యాడు అరిగిందని బిగించుకోవలసిన పని లేకపోవడానికి కారణం ఈ వలయమే.

మన బజారులో తక్కువ ధర గేరు సైకిళ్లకు వచ్చేవి చాలావరకు వైరుతో లాగే డిస్కులు. వాటిలో తరచు ఒక పక్క ప్యాడే కదులుతుంది. అది పళ్లేన్ని కాస్త వంచి అవతలి ప్యాడుకు ఆనిస్తుంది. వానలో మేలే గాని, పాత వైరు బ్రేకు రోగాలన్నీ, అంటే తుప్పు, సాగుడు, గొట్టంలో రాపిడి, వీటికీ ఉంటాయి. ఏ డిస్కుకైనా బద్ధశత్రువు చమురు. చైనుకు వేసిన ఆయిలు ఒక్క చుక్క పళ్లెం మీద పడితే ప్యాడు పీల్చుకుంటుంది, పట్టు పోయి కీచుమంటుంది.

రేసుల ప్రపంచం డిస్కును వెంటనే ఒప్పుకోలేదు. కొండదారి సైకిళ్లకు 1990ల చివర్లోనే వచ్చినా, రోడ్డు రేసుల్లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య దాన్ని పూర్తిగా అనుమతించింది 2018లో. గుంపుగా పడినప్పుడు తిరిగే పళ్లెం కోస్తుందన్న భయంతో మధ్యలో 2016లో దాని ప్రయోగాత్మక వాడకాన్ని కొంతకాలం ఆపేశారు కూడా.

ఘాట్ రోడ్డు పరీక్ష

ఒక్కసారి ఆగడంలో వేడి పెద్ద సమస్య కాదు. మొదట్లో చెప్పుకున్న 4,250 జౌళ్లు మొత్తం అరకిలో అల్యూమినియం రిమ్ములోకి పోతే అది 9 డిగ్రీలు వేడెక్కుతుంది. 120 గ్రాముల ఉక్కు డిస్కులోకి పోతే 70 డిగ్రీలు పెరుగుతుంది. డిస్కు తేలిక కాబట్టి త్వరగా కాగుతుంది. కాగినా దానికి ఏమీ కాదు, గాలికి త్వరగా చల్లారుతుంది కూడా. రిమ్ము మెల్లగా కాగుతుంది, కాని దాన్ని ఆనుకుని టైరూ ట్యూబూ ఉన్నాయి.

అసలు పరీక్ష అరకు లాంటి ఘాట్‌లో. 500 మీటర్ల ఎత్తు దిగితే 4 లక్షల జౌళ్లకు పైగా వదిలించుకోవాలి. గాలి ఎంత పంచుకుంటే బ్రేకుకు అంత భారం తగ్గుతుంది. నూటికి 6 వాలులో నిటారుగా కూర్చున్న మనిషి బ్రేకు ముట్టకుండా వదిలేస్తే గంటకు 44 కిలోమీటర్ల దగ్గర వేగం నిలకడకు వస్తుంది. అప్పుడు పనంతా గాలిదే, బ్రేకుకు సున్నా. గంటకు 10 కిలోమీటర్లకు అదుపు చేస్తూ దిగితే బ్రేకులు 120 వాట్ల చొప్పున తీసుకోవాలి. 25 కిలోమీటర్ల దగ్గర పట్టుకుని దిగితే 210 వాట్లు. బ్రేకును ఎక్కువగా కాల్చేది ఈ నడిమి వేగమే. పొడుగునా బ్రేకు సన్నగా పట్టుకుని ఈ వేగంలో దిగడం క్షేమమని తోస్తుంది గాని, రిమ్ము కాగి ట్యూబు పేలేది, హైడ్రాలిక్ నూనె మరిగేది ఇలాంటి దిగుడులోనే. నూనె మరిగితే బుడగలు పుడతాయి. బుడగ నొక్కుకుపోతుంది కాబట్టి లీవరు హ్యాండిల్‌ను తాకినా బ్రేకు పట్టదు. మలుపుకు ముందు గట్టిగా పట్టి, వేగం బాగా తగ్గించి, దారి తిన్నగా ఉన్నచోట వదిలేసి, గాలికి చల్లారనివ్వడం మంచి పద్ధతి. వేడి ఎక్కువైందనిపిస్తే ఆగి, బ్రేకును చల్లారనిచ్చి మళ్లీ బయల్దేరాలి.

ఏ సైకిలుకు ఏది?

బ్రేకే అక్కర్లేని సైకిలూ ఉంది. హైదరాబాద్ ఉస్మానియా యూనివర్సిటీ వెలోడ్రోమ్‌లాంటి ట్రాక్ మీద నడిపే సైకిలుకు బ్రేకులుండవు, ఫ్రీవీలూ ఉండదు. అందరూ ఒకే దిశలో పోతారు, ఎవరూ హఠాత్తుగా ఆగరు. అక్కడ బ్రేకు ఉంటేనే వెనకవాడికి ప్రమాదం. రోడ్డు మీద ఆ సైకిలుకు చోటు లేదు.

ఎండిన నేల, చదును దారి, బరువు మోత, దగ్గర్లో పానా పట్టే మెకానిక్: కడ్డీల బ్రేకు ఇప్పటికీ పనికొస్తుంది, వానలో వేగం సగానికి తగ్గించుకుంటే. బడికి పోయే పిల్లలకు అల్యూమినియం రిమ్ము, వి బ్రేకు చవక, తేలిక, ఏ షాపులోనైనా రబ్బర్లు దొరుకుతాయి. రోజూ వానలో ఆఫీసుకు తొక్కేవాళ్లకు, ఘాట్‌లు దిగేవాళ్లకు హైడ్రాలిక్ డిస్కు ఖర్చుకు తగ్గది. కాకపోతే ఊళ్లో దాని గాలి తీయడం, నూనె మార్చడం తెలిసినవాడు ఉండాలి, కంపెనీ చెప్పిన రకం నూనే పోయాలి. ఒకదాని బదులు మరొకటి పోస్తే రబ్బరు వలయాలు ఉబ్బి పాడవుతాయి.

కొత్తది కొనేముందు ఇంట్లో ఉన్న సైకిలునే చూడండి. లీవరు పూర్తిగా నొక్కినా దానికీ హ్యాండిల్‌కూ మధ్య రెండు వేళ్లు పట్టాలి. రబ్బరు మీది గాళ్లు కనబడుతూ ఉండాలి. లీవరు దగ్గర వైరు ముడి విప్పి చూస్తే ఒక్క పోగు కూడా తెగి ఉండకూడదు. కడ్డీలయితే కీళ్ల నట్లు బిగువుగా ఉండాలి. ఆ తరవాత పక్కన నడుస్తూ ముందు బ్రేకు పట్టినప్పుడు వెనక చక్రం లేవాలి. పొడి రోడ్డు మీద, ఈ పరీక్ష నెగ్గిన ముప్పై ఏళ్ల నల్ల సైకిలు, వైరు తుప్పుపట్టిన కొత్త డిస్కు సైకిలు కన్నా ముందే ఆగుతుంది.